లాకులో పడవ ఎక్కిందా, దిగిందా?

మా అమ్మమ్మ కాపురానికి గూటి పడవలో వచ్చింది. ఊహ తెలిసినప్పటి నుంచీ నేను విన్న మాట ఇది. స్వాతంత్ర్యం రావడానికి ఏడాదో రెండేళ్లో ముందు సంగతి. నిడదవోలు పక్క పల్లెలో పడవెక్కి, ఏలూరు కాలవ మీద తాడేపల్లిగూడెం దిగువన ఉన్న తాతగారి ఊరి రేవులో దిగిందట. ఆ కథ చెప్పినప్పుడల్లా అమ్మమ్మ ఇంకో మాట కూడా చెప్పేది. "అర్ధరాత్రి పడవ ఆగిపోయింది. లాంతరు వెలుతురులో తడిసిన రాతి గోడ తప్ప ఏమీ కనబడలేదు. కాసేపటికి కింద నుంచి ఎవరో మంచం ఎత్తుతున్నట్టు పడవ మెల్లగా పైకి లేచింది. భయమేసి ఏడుపొచ్చింది."

ఆ లేవడం నాకు చిన్నప్పుడే మనసులో పడిపోయింది. రెండేళ్ల క్రితం వేసవి సెలవుల్లో నవల మొదలుపెట్టినప్పుడు మొదటి అధ్యాయం దానితోనే రాశాను. పదిహేనేళ్ల పిల్ల, కొత్త చీర, తెలియని అత్తవారిల్లు, చీకట్లో పైకి లేస్తున్న పడవ. నేను హైస్కూల్లో తెలుగు టీచర్ని. కథలు రాస్తుంటాను, కొన్ని పత్రికల్లో వచ్చాయి. నవల ఇదే మొదటిది. తెల్లవారుజామున నాలుగున్నరకి లేచి ఆరింటి దాకా రాస్తూ నూట నలభై పేజీల వరకూ వచ్చాను. అక్కడ ఆగిపోయింది.

ఎందుకాగిందో నాకు తెలుసు. పడవవాళ్లు రోజంతా ఏం చేస్తారో నాకు తెలియదు. గాలి లేనప్పుడు గట్టు మీద నుంచి తాడుతో లాగేవారని తెలుసు. ఆ తాడు భుజానికి ఎలా వేసుకుంటారు? ఎదురుగా ఇంకో పడవ వస్తే తాళ్లు చిక్కుకోవా? అన్నం ఎక్కడ వండుకుంటారు? రాయడానికి కూర్చున్న ప్రతిసారీ ఈ ప్రశ్నల దగ్గరే కలం ఆగేది. వచ్చే ఏడాది ఈ నవల పూర్తి చేయాలంటే ముందు కుర్చీలోంచి లేచి కాలవ గట్టు మీద నడవాలని నవంబరులో నిర్ణయించుకున్నాను.

ఏలూరు కాలవ గురించి నాలుగు మాటలు చెప్పాలి. 1832-33లో డొక్కల కరువు వచ్చి గుంటూరు సీమ జనం పిట్టల్లా రాలిపోయారు. గోదావరి ఒడ్డునే ఉన్నా నీళ్లు చేలకెక్కక ఈ జిల్లాలు కూడా కరువు చూశాయి. 1847లో కాటన్ దొర ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట పని మొదలుపెట్టి 1852కి పూర్తి చేశాడు. నది అక్కడ లంకల మధ్య చీలిపోతుంది కాబట్టి కట్ట కూడా ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అని నాలుగు ముక్కలుగా ఉంటుంది. పడమటి డెల్టా కాలవకి నీళ్లు విజ్జేశ్వరం దగ్గర తీసుకుంటారు. 1855 నాటికి బెజవాడ దగ్గర కృష్ణకూ ఆనకట్ట పడింది. అటు కృష్ణ నీళ్లు, ఇటు గోదావరి నీళ్లు రెండు కాలవల్లో వచ్చి ఏలూరులో కలుస్తాయి. ఇవి సాగుకే కాదు, పడవలు నడవడానికి కూడా తవ్విన కాలవలు. కాకినాడలో బయలుదేరిన పడవ ఏలూరు మీదుగా, కొమ్మమూరు కాలవ పట్టుకుని, బకింగ్‌హామ్ కాలవలో పడి మద్రాసు దాటి వెళ్లిపోయేది. ఆ దారినే 2008లో నాలుగో జాతీయ జలమార్గం కింద ప్రకటించారు. ఇప్పుడు మా ఊరి దగ్గర కాలవలో కనిపించేది గుర్రపు డెక్క మాత్రమే.

మొదటి నడకకి నవంబరు చివరి ఆదివారం ఎంచుకున్నాను. తాడేపల్లిగూడెం నుంచి నిడదవోలు వరకు, అంటే నీటికి ఎదురుగా. రైల్లో అరగంట కూడా పట్టని దూరం. ఇరవై కిలోమీటర్ల పైచిలుకు ఉంటుంది, సాయంత్రానికి చేరతాననుకున్నాను. హైదరాబాదులో ఉద్యోగం చేసే మా అమ్మాయి ఆ వారం ఇంట్లోనే ఉంది, తోడు వస్తానంది. కొత్త బూట్లు కొన్నాను. రెండు లీటర్ల నీళ్లు, పులిహోర, నోటు పుస్తకం, ఫోను.

ఐదున్నరకి గట్టెక్కాం. పొగమంచు కాలవ మీద దుప్పటిలా పరుచుకుని ఉంది. అవతలి ఒడ్డున కొబ్బరి చెట్ల తలలు మాత్రమే కనిపిస్తున్నాయి, మొదళ్లు లేవు. ఎవరో గిన్నెలు తోముతున్న చప్పుడు వినిపిస్తోంది, మనిషి కనబడదు. ఏడింటికి మంచు విడిపోయాక చేలు బయటపడ్డాయి. సార్వా, అంటే వానాకాలపు వరి, కోతలు చాలా చోట్ల అయిపోయి గడ్డి కుప్పలు వేసి ఉన్నాయి, కొన్ని చోట్ల దాళ్వా, అంటే రెండో పంట, నారుమళ్లు అప్పుడే పచ్చగా లేస్తున్నాయి. కరెంటు తీగ మీద లకుముకి పిట్ట ఒకటి మాకు ముందు ముందు ఎగురుతూ చాలాసేపు దారి చూపించింది. నందమూరు అక్విడెక్టు దగ్గర అరగంట ఆగాం. అక్కడ ఎర్రకాలువ అడ్డంగా వచ్చి మన కాలవ కింద నుంచి వెళ్లిపోతుంది. నీటి మీద నీళ్లు. చిన్నప్పటి నుంచి బస్సులో ఆ పక్కన తిరుగుతూనే ఉన్నాను, దాన్ని నిలబడి చూడ్డం అదే మొదలు.

గట్టు అంతటా నడవడానికి లేదు. కొన్ని చోట్ల ఇళ్లు నీళ్ల దాకా వచ్చేశాయి, కొన్ని చోట్ల ముళ్ల కంచె, ఇంకొన్ని చోట్ల చెత్త పోసి తగలబెట్టిన గుట్టలు. ప్రతి అడ్డం దగ్గరా రోడ్డెక్కి చుట్టూ తిరిగి మళ్లీ గట్టు దిగాలి. పడవలు లాగిన జనం నూరేళ్లు నడిచిన దారి అది. దాని మీద ప్లాస్టిక్ కాలుస్తుంటే చూసి కడుపు మండిపోయింది. తొమ్మిదింటికల్లా నా కుడి మడమ మీద బొబ్బ లేచింది. పదిన్నరకి అది చితికింది. అమ్మాయి "అమ్మా, ఇంక చాలు, ఆటో ఎక్కుదాం" అంది. ఇంకొక్క లాకు చూసి ఎక్కుదామన్నాను. లాకంటే కాలవలో పడవల్ని ఒక నీటి మట్టం నుంచి ఇంకో మట్టానికి దాటించే కట్టడం.

ఆ లాకు పాతది. రెండు రాతి గోడల మధ్య ఇరుకు గది లాంటి చోటు, దానికి ఎగువన ఒక జత తలుపులు, దిగువన ఒక జత తలుపులు ఉండేవన్నమాట. ఇప్పుడు తలుపులు లేవు, అవి కూర్చునే గాడులు మాత్రం ఉన్నాయి. పక్కన షట్టర్ల మీదుగా నీళ్లు పడుతున్నాయి. నేను గోడ అంచు మీద కూర్చుని బూటు విప్పాను. చెయ్యి ఆనించిన చోట రాయి నున్నగా, గుంటగా తగిలింది. వంగి చూశాను. రాతి అంచు మీద వేలు పట్టేంత గాడులు, పక్కపక్కనే ఐదారు, పైకి వచ్చే కొద్దీ లోతుగా. తాడు ఒరుసుకుని ఒరుసుకుని రాయి అరిగిపోయింది. వేలు పెడితే మొదటి కణుపు వరకూ దిగింది. అమ్మాయి కూడా వేలు పెట్టి చూసింది. ఇద్దరం చాలాసేపు మాట్లాడుకోలేదు.

లాకు పక్క చెట్టు కింద ఒక పెద్దాయన గేదెని కట్టి కూర్చుని మమ్మల్నే చూస్తున్నాడు. ఎనభై దాటి ఉంటాయి. "ఏ ఊరండి?" అని పలకరించాడు. చెప్పాను. ఆయన తండ్రి రాదారి పడవ, అంటే జనాన్ని ఎక్కించుకుని తిరిగే పడవ, మీద పనిచేశాడట, ఈయన కూడా పదేళ్ల వయసు నుంచి ఆ పడవ మీదే పెరిగి, బస్సులూ లారీలూ వచ్చి పడవలు మూలపడ్డాక వ్యవసాయ కూలీగా మారాడట. నాకు గుండె దడదడలాడింది. నోటు పుస్తకం తీసి, మా అమ్మమ్మ కథ చెప్పి, నా మొదటి అధ్యాయం ఉన్నదున్నట్టు వినిపించాను. నిడదవోలు వైపు నుంచి వాలుకి వస్తున్న పడవ, అర్ధరాత్రి, లాకు, పైకి లేవడం.

ఆయన మధ్యలో చెయ్యి ఎత్తాడు.

"అదెలాగండి టీచరుగారూ? వాలుకెళ్లే పడవ లాకులో దిగుద్ది గానీ ఎక్కుద్దా?"

నాకు వెంటనే అర్థం కాలేదు. ఆయన లేచి వచ్చి గోడ దగ్గర నిలబడి చేతులతో చూపించాడు. ఎగువ నుంచి వచ్చిన పడవ నిండుగా నీళ్లున్న గదిలోకి వస్తుంది. వెనక తలుపులు మూస్తారు. దిగువ తలుపుల్లోని చిన్న షట్టర్లు ఎత్తితే గదిలో నీళ్లు కిందికి పోతాయి, నీళ్లతో పాటు పడవా దిగుతుంది. దిగువ నీటి మట్టానికి వచ్చాక ముందు తలుపులు తీస్తారు. "గోడ పైకి పోతన్నట్టు ఉంటాదండి. కొత్తోళ్లు నూతిలోకి దిగిపోతన్నామని జడుసుకునేవోరు." దిగువ నుంచి ఎగువకి వెళ్లే పడవకి ఇదంతా తిరగబడుతుంది. ఖాళీ గదిలోకి వస్తుంది, వెనక తలుపులు మూసి ఎగువ నీళ్లు వదులుతారు, పడవ లేస్తుంది. "మీ అమ్మమ్మగారు పడవ లేసిందన్నారంటే, ఆయమ్మ ఎగువకి ఎల్తన్నట్టండి. ఆయ్. కాపురానికి కాదు, పుట్టింటికి."

నేను నూట నలభై పేజీలు తప్పు రాశానన్న బాధ కూడా ఆ క్షణంలో కలగలేదు. పుట్టింటికి అన్న మాట ఒక్కటే చెవిలో తిరిగింది.

ఆ మధ్యాహ్నం ఆటోలో ఇంటికొచ్చి, కాలికి కట్టు కట్టుకుని, మా పెద్దమ్మకి ఫోన్ చేశాను. అమ్మమ్మ పిల్లల్లో ఇప్పుడున్నది ఆవిడ ఒక్కతే. పడవ మాట ఎత్తగానే అంది, "నేను పుట్టింది అక్కడేగా. ఏడో నెలలో పురిటికి పడవలోనే తీసుకెళ్లారట. లాకులో పడవ లేస్తుంటే భయపడిందనీ, మా అమ్మమ్మ ఒళ్లో పడుకోబెట్టుకుందనీ చెప్పేది." అంటే అమ్మమ్మ చెప్పినవి రెండు ప్రయాణాలు. కాపురానికి వచ్చినప్పుడు పడవ దిగి ఉంటుంది, ఆ దిగడం గురించి ఆవిడ ఒక్క మాట కూడా చెప్పలేదు. ఇన్నేళ్లూ చెప్పుకున్నది తన తల్లి ఒళ్లో పడుకుని పుట్టింటికి వెళ్లిన రాత్రి గురించి. రెండిటినీ నేనే కలిపేశాను.

కాబట్టి నవల మొదటి నుంచి తిరగరాయాలి. 2026 మొత్తం దీనికే పెట్టుకున్నాను. తెలుగు క్యాలెండరు గోడకి తగిలించి గళ్లలో పెన్సిలుతో రాసుకున్నాను.

జనవరిలో సంక్రాంతి సెలవులు ఇచ్చిన రోజు నుంచి భోగి ముందు రోజు దాకా నడక. కనుమ నాడు కాకి కూడా కదలదంటారు, అదయ్యాక బడి తెరిచేస్తారు, అందుకని పండగ ముందే వెళ్తున్నాను. అరిసెలు, జంతికలు డిసెంబరులోనే వండి డబ్బాల్లో పెడతానని ఇంట్లో మాటిచ్చాను. ఈసారి విజ్జేశ్వరం నుంచి మొదలుపెట్టి వాలుకి నడుస్తాను, అమ్మమ్మ కాపురానికి వచ్చిన దారి. రోజుకి పన్నెండు కిలోమీటర్లు దాటకూడదు. బూట్లు ఒక సైజు పెద్దవి, లోపల మందపాటి మేజోళ్లు రెండు జతలు. నెల రోజులుగా అవి వేసుకునే బడికి నడిచి వెళ్తున్నాను, ఇప్పుడు మడమ ఒరవడం లేదు.

ఆ పెద్దాయన దగ్గరికి ఇప్పటికి మూడుసార్లు వెళ్లాను. ఫోన్లో రికార్డు చేస్తే మొదటిసారి గాలి హోరు తప్ప ఏమీ వినబడలేదు. ఇప్పుడు ఫోను మీద చేతిరుమాలు కప్పి, ఆయన నీళ్లకి వీపు పెట్టి కూర్చునేలా చూస్తాను. చుక్కాని, తెరచాప, గడ, లంగరు అందరికీ తెలిసిన మాటలే. కానీ గడ వేసేటప్పుడు దాని చివర గుండెకి ఆనించి పడవ అంచు మీద ఈ కొస నుంచి ఆ కొసకి నడుస్తారని, ఆ చోట గుండె మీద చర్మం కాయకాచిపోతుందని నాకు ఆయన చెప్పాకే తెలిసింది. చొక్కా గుండీ విప్పి తన తండ్రికి ఎక్కడ ఉండేదో చూపించాడు. నవలతో పాటు ఇంకో పుస్తకం కూడా మొదలుపెట్టాను. పడవవాళ్ల మాటలు, ఎవరు చెప్పారో, ఏ ఊళ్లో అలా అంటారో రాసుకునే పుస్తకం. ఇప్పటికి అరవై మూడు మాటలయ్యాయి. ఈ తరం వెళ్లిపోతే అడగడానికి మనిషి ఉండడు. నాకు నవల కంటే ఇది తొందరగా ఉంది.

ఫిబ్రవరిలో ఒక ఆదివారం తాళ్లరేవు వెళ్లాలి. అక్కడ చెక్క పడవలు కట్టే వడ్రంగులు తరతరాలుగా ఉన్నారు. పలకకీ పలకకీ మధ్య సందు ఎలా పూడుస్తారో కళ్లారా చూడాలి. అక్కడి దాకా వెళ్లి కోరింగ మడ అడవి చూడకుండా రాలేను. ఒకప్పుడు ఓడలతో కళకళలాడిన రేవు అది, 1839 నవంబరులో తుపాను ఉప్పెనై వచ్చి ముంచేసింది. ఇప్పుడు మడ వేళ్ల మధ్య నీటి పిల్లులు తిరుగుతాయంటారు. పోటు మీద ఉన్నప్పుడు పడవలో పాయల్లోకి వెళ్లాలని ఉంది.

ఆ పడవ ఎక్కాలంటే ముందు నాకు ఈత రావాలి. గోదావరి జిల్లాలో పుట్టి, కాలవ ఒడ్డున పెరిగి, నలభై తొమ్మిదేళ్లకి నాకు ఈత రాదు. మా చిన్నప్పుడు మగపిల్లలు నడుముకి బెండ్లు కట్టుకుని కాలవలో దూకేవాళ్లు, మేం రేవు మెట్ల మీద బిందెలతో నిలబడి చూసేవాళ్లం. డిసెంబరు మొదటి ఆదివారం నుంచి రాజమహేంద్రవరంలో ఒక ఈత కొలనుకి వెళ్తున్నాను, పొద్దున ఆడవాళ్ల బ్యాచ్. మొదటి రోజు మెట్టు వదల్లేకపోయాను, ఒళ్లంతా టెన్షన్. నేర్పే అమ్మాయి మా స్టూడెంట్ల వయసుది. "మేడం, నీళ్లతో పోట్లాడకండి, తల వెనక్కి వాల్చి చెవులు మునగనివ్వండి" అంది. నాలుగో ఆదివారం చెవులు మునిగాయి. బయటి చప్పుళ్లన్నీ ఆగిపోయి నా ఊపిరి ఒక్కటే వినబడింది. కాళ్లు వాటంతట అవే పైకి తేలాయి. కింద నుంచి నీళ్లు నన్ను ఎత్తుతున్నాయి. అమ్మమ్మ చెప్పిన మంచం మాట గుర్తొచ్చి, కొలనులో వెల్లకిలా పడుకునే కళ్లనీళ్లు పెట్టుకున్నాను.

మార్చిలో పదో తరగతి పరీక్షలు, ఆ తరువాత స్పాట్ వాల్యుయేషన్. ఆ రెండు నెలలు ఏ ప్రయాణమూ లేదు, పొద్దున గంటన్నర రాయడం ఒక్కటే.

వేసవి కోసం మాత్రం చిన్నపిల్లలా ఎదురు చూస్తున్నాను. దాళ్వా కోతలయ్యాక మరమ్మతుల కోసం కాలవలు కట్టేస్తారు, మళ్లీ జూన్‌లో వదులుతారు. మాకు వేసవి సెలవులు కూడా సరిగ్గా అప్పుడే. నీళ్లు తీసేసిన కాలవలో దిగి నడవచ్చు. చిన్నప్పుడు గుంటల్లో మిగిలిన కొర్రమీనుల కోసం మోకాలి లోతు బురదలో దిగేవాళ్లం. ఈసారి లాకు అడుగు చూడటానికి దిగుతాను. తలుపులు ఆనే గడప రాయి ఎలా ఉందో, గోడ మీద ఎగువ నీటి గీతకీ దిగువ నీటి గీతకీ మధ్య ఎన్ని రాతి వరసలున్నాయో లెక్కపెట్టాలి. పెద్దాయన "మనిసెత్తు తేడా ఉంటాదండి" అన్నాడు. ఆ ఎత్తు అమ్మమ్మ ఎంతసేపట్లో ఎక్కి ఉంటుందో నాకు నిమిషాల్లో తెలియాలి.

దసరా సెలవుల్లో రెండో సగం. ఏలూరు నుంచి విజయవాడ, మళ్లీ నీటికి ఎదురుగానే, ఈసారి కృష్ణ నీళ్లకి. రోడ్డు లెక్కన అరవై కిలోమీటర్లు, గట్టు వెంట వంకరలతో ఇంకా ఎక్కువే. తుపాన్ల కాలం కాబట్టి రోజులు అటూ ఇటూ కావచ్చు. 2027లో గోదావరి పుష్కరాలు. అప్పటికి పుస్తకం చేతిలో ఉండాలని, 2015 పుష్కరాల్లో అమ్మమ్మకి పిండ ప్రదానం చేయించిన రేవులోనే మొదటి ప్రతి నీళ్లకి చూపించాలని నా కోరిక.

నిన్న తెల్లవారుజామున కొత్త మొదటి పేజీ రాశాను. ఏడో నెల కడుపుతో ఉన్న పిల్ల, తల్లి ఒడిలో తల. గట్టు మీద తాడు లాగుతున్న వాళ్ల అడుగుల చప్పుడు ఆగుతుంది. పడవ తడి రాతి గోడకి ఒరుసుకుంటుంది. వెనక తలుపులు మూసుకుంటాయి. అక్కడికి ఆపేసి పుస్తకం మూశాను. నీళ్లు వదలడం మే నెలలో, ఆ గోడ అడుగున నిలబడి పైకి చూసి వచ్చాక రాస్తాను.